బండి ఆగి ఉన్నప్పుడు పోయే కరెంటు

కొత్త బ్యాటరీ వేయించి రెండు నెలలు కాలేదు. శనివారం ఊరంతా తిరిగొచ్చిన కారు మంగళవారం పొద్దున తాళం తిప్పితే ‘టక్’ మని ఊరుకుంది. నలుగురు తోస్తే స్టార్టయింది. నాలుగు రోజులకు మళ్ళీ అదే వరస. అలాంటప్పుడు మనలో చాలామంది చేసే పని ఒకటే: షాపుకి వెళ్ళి ఇంకా పెద్ద బ్యాటరీ అడగడం.

మన విషయంలోనూ మనం చేసేది అదే. రాత్రంతా పడుకుని కూడా పొద్దున్నే అలసటతో లేస్తే ‘ఇంకా గట్టిగా ఉండాలి, ఇంకా కష్టపడాలి’ అని మనకు మనమే చెప్పుకుంటాం. టానిక్కు తాగుతాం. కొత్త డైరీలో కొత్త తీర్మానాలు రాసుకుంటాం. నెల తిరక్కుండానే మళ్ళీ నీరసం.

రెండు చోట్లా అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. పని చెయ్యని వేళ శక్తి ఎటు పోతోంది? దీనికి జవాబు వెతకడానికి ఆటో ఎలక్ట్రీషియన్ల దగ్గర ఒక పద్ధతి ఉంది. వరస తప్పకుండా చేస్తే కారులో లోపం దొరుకుతుంది. మనసు పెట్టి చేస్తే మనలోదీ దొరుకుతుంది.

షెడ్డులో కాంటెస్సా

మీ ఇంట్లో పాత కాంటెస్సా ఉందనుకోండి. హిందుస్థాన్ మోటార్స్ 1984 నుంచి 2002 దాకా తయారుచేసిన కారు. బ్రిటన్‌లోని వాక్సాల్ కారు దాని మూలం. అసలు సిసలు స్పోర్ట్స్ కార్లు మన రోడ్ల మీద అరుదు. గోవాలో తయారైన రెండు సీట్ల శాన్ స్టార్మ్ లాంటివి చూసినవాళ్ళే తక్కువ. పొడుగాటి బానెట్, భారీ ఒడ్డూ పొడుగూ, తర్వాతి రోజుల్లో ఇసుజు 1.8 లీటర్ల ఇంజన్‌తో ఆ ముచ్చట తీర్చింది కాంటెస్సానే. మిర్చి, పత్తి, పొగాకు డబ్బు తిరిగే ఊళ్ళలో అలాంటి కారు వాకిట్లో ఉంటే అదొక గౌరవం.

మార్కెట్ యార్డుకు మిర్చి పోటెత్తే జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆ కారును బయటికి తీసే తీరిక ఉండదు. అది షెడ్డులోనే ఉంటుంది. అక్కడే చిక్కు మొదలవుతుంది. రోజూ తిరిగే కారులో చిన్న లోపం ఉన్నా ఆల్టర్నేటర్ పోయినదాన్ని నింపేస్తుంది. మన మెకానిక్కులు ఇప్పటికీ దాన్ని డైనమో అనే అంటారు. నిలబెట్టిన కారుకు ఆ ఆసరా లేదు. పోయేది పోతూనే ఉంటుంది.

ఎంత పోతుందో లెక్క చూడండి. 5 వాట్ల బల్బు అతి చిన్నది. డిక్కీ మూత వేశాక కూడా అది వెలుగుతూనే ఉంటే 12 వోల్టుల దగ్గర దాదాపు 0.4 ఆంపియర్లు లాగుతుంది. రోజుకు 10 ఆంపియర్-అవర్లు. బ్యాటరీ 50 ఆంపియర్-అవర్లదైతే ఐదు రోజుల్లో పూర్తిగా ఖాళీ. సెల్ఫ్ తిప్పే సత్తువ అంతకుముందే పోతుంది. చీకట్లో, మూసిన డిక్కీలో, ఎవరికీ కనిపించని చిన్న దీపం ఇంత పెద్ద బండిని కదలకుండా చేస్తుంది.

దీనికి మన ఎండ తోడవుతుంది. ఇప్పుడు పల్నాడు జిల్లాలో ఉన్న రెంటచింతల వేసవి ఎండలకు రాష్ట్రమంతటా పేరుమోసిన ఊరు. ఏ వైరూ తగిలించని బ్యాటరీ కూడా తనంతట తాను కొంత డిశ్చార్జి అవుతుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆ వేగం ఇంచుమించు రెట్టింపవుతుంది. అందుకే చలికాలంలో గడిచిపోయిన లోపం మే నెలలో బయటపడుతుంది. మనిషి కూడా సుఖంగా ఉన్న రోజుల్లో చిన్న నష్టాలను ఓర్చుకుంటాడు. కాలం వేడెక్కినప్పుడు అవే అతణ్ణి పడగొడతాయి.

ముందు మూడు ప్రశ్నలు

మంచి ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్ళి “బ్యాటరీ మార్చేద్దామా అన్నా?” అని అడగండి. “ఆగండి సార్, ముందు మీటరు పెట్టి చూద్దాం” అంటాడు. లోపం మూడు చోట్లలో ఒకచోట ఉండొచ్చని ఆయనకు తెలుసు.

ఒకటి, బ్యాటరీయే పాడై ఉండొచ్చు. నిండా చార్జి చేసి, కొన్ని గంటలు ఆపి చూస్తే 12.6 వోల్టుల చుట్టుపక్కల చూపించాలి. 12.2 అంటే సగమే ఉన్నట్టు. నింపిన తర్వాత వైర్లు విప్పి పక్కన పెట్టినా రెండు రోజుల్లో పడిపోతే దోషం దానిలోనే ఉంది.

రెండు, నింపే ఏర్పాటు పాడై ఉండొచ్చు. ఇంజన్ నడుస్తుండగా కొలిస్తే సుమారు 13.8 నుంచి 14.4 వోల్టుల మధ్య ఉండాలి. లేకపోతే ఆల్టర్నేటర్, బెల్టు, రెగ్యులేటర్ చూడాలి.

మూడు, పై రెండూ బాగున్నాయంటే ఆగి ఉన్న బండిలో ఏదో కరెంటు లాగేస్తోంది.

అలసిపోయిన మనిషి కూడా ఈ మూడింటినీ ఇదే వరసలో అడగాలి. నా ఒంట్లోనే ఏదైనా లోపం ఉందా? రక్తహీనత, థైరాయిడ్, షుగర్ వీటిలో ఏది ఉన్నా ఎంత పట్టుదల చూపించినా నీరసం పోదు. రక్తపరీక్షతో తేలిపోయే విషయాన్ని ‘నాకు సంకల్పబలం లేదు’ అని ఏళ్ళ తరబడి మోయకండి. ముఖ్యంగా ఇంటిల్లిపాదికీ వండి పెట్టి ఆఖరున తినే అమ్మలు ఈ పరీక్ష వెంటనే చేయించుకోవాలి. రెండు వారాలు దాటినా దిగులు వదలకపోతే డాక్టరును కలవండి. 14416 నంబరుకు ఫోన్ చేస్తే మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ వాళ్ళు డబ్బు తీసుకోకుండా మాట్లాడతారు.

తర్వాత, నన్ను నింపేవి సరిగా ఉన్నాయా? వేళకు నిద్ర, వేళకు తిండి, కాస్త నడక, మనసు విప్పి మాట్లాడుకునే మనిషి ఒకరు. ఇవి లేకపోతే ముందు ఇవే కావాలి.

రెండూ సరిగ్గా ఉన్నా శక్తి నిలవడం లేదంటే, అప్పుడు వెతకాల్సింది నష్టాన్ని. ఈ వరస తప్పితే కష్టం వృథా.

కొలవకుండా మార్చితే ఏమవుతుంది

కొలవకుండా చేయి వేస్తే ఏమవుతుందో మన పత్తి పొలాలకు చాలా బాధతో తెలుసు. 1980ల చివర్లో గుంటూరు, ప్రకాశం పత్తి పొలాల్లో తెల్లదోమ విజృంభించింది. పంట పోయి, అప్పులు తీర్చలేక ప్రాణాలు తీసుకున్న రైతులున్నారు. అంతకుముందు సింథటిక్ పైరిత్రాయిడ్ మందులను మళ్ళీ మళ్ళీ కొట్టడం తెల్లదోమ పెరగడానికి ఒక ముఖ్య కారణమని శాస్త్రజ్ఞులు చెప్పారు. మందు పంటకు మేలు చేసే మిత్రపురుగులను చంపింది. దోమకు అడ్డు లేకుండా పోయింది.

ఇందులో రైతును తప్పుపట్టడానికి లేదు. కొలిచి చెప్పేవాళ్ళు దగ్గర లేని చోట భయమే కొలత అవుతుంది. పక్క చేలో కొట్టాడంటే మనమూ కొట్టాలనిపిస్తుంది. ఇవాళ పత్తిలో గులాబీ రంగు పురుగుకు శాస్త్రజ్ఞులు చెప్పే పద్ధతి చూడండి. పొలంలో లింగాకర్షక బుట్టలు పెట్టాలి. వరసగా మూడు రాత్రులు ఒక్కో బుట్టలో ఎనిమిది చొప్పున రెక్కల పురుగులు పడితే అప్పుడు మందు సంగతి ఆలోచించాలి. ముందు లెక్క, తర్వాత మందు. ఒక్క రాత్రి చూసి గాభరా పడొద్దు, మూడు రాత్రులు చూడు అనడంలో ఎంతో అనుభవం ఉంది.

మీ అలసటకూ ఆ మర్యాద ఇవ్వండి. ఒక్క చెడ్డ రోజును చూసి ఉద్యోగం మానేయాలని, చదువు వదిలేయాలని, ఎవరితోనో తెగతెంపులు చేసుకోవాలని నిర్ణయించకండి. ముందు కొలవండి.

బండిని నిద్రపోనివ్వండి

కొలిచే పద్ధతి ఇది. తాళం తీసేయాలి, తలుపులన్నీ వేయాలి. బ్యాటరీ మైనస్ వైరు విప్పి, ఆ వైరుకూ మైనస్ టెర్మినల్‌కూ మధ్య మీటరును ఆంపియర్లు చూపించేలా తగిలించాలి. ముందు 10 ఆంపియర్ల సాకెట్‌లోనే పెట్టాలి. మీటరు మధ్యలో ఉండగా పొరపాటున కూడా సెల్ఫ్ కొట్టకూడదు. సెల్ఫ్ వంద ఆంపియర్లకు పైనే లాగుతుంది, మీటరు తట్టుకోదు.

కంప్యూటరు ఉన్న కార్లయితే తగిలించగానే కనిపించే అంకెను నమ్మకూడదు. లోపలి పెట్టెలన్నీ నిద్రలోకి జారుకోవడానికి అరగంట, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు పడుతుంది. తలుపు తెరిచి ఉంటే లోపలి దీపం వెలుగుతుంది, లెక్క తప్పుతుంది. కదపకుండా, తెరవకుండా, ఓపిగ్గా ఉండాలి.

మనిషికి ఇది చాలా అవసరమైన పాఠం. మన నష్టాన్ని మనం పని వేళల్లో వెతుకుతాం. పగలు యార్డులో కాటాల దగ్గర, కమీషన్ కొట్టులో, ఆఫీసులో, వంటింట్లో ఖర్చయ్యే శక్తి మనకు తెలిసే ఖర్చవుతుంది. దానికి ఫలితం కూడా వస్తుంది. తెలియకుండా పోయేది, పని అయిపోయిందని మనం అనుకున్న తర్వాత పోయేదే. లైటు ఆర్పాక మీ తలలో ఏం నడుస్తోంది? రేపటి తేజ రకం మిర్చి ధర ఎంత పలుకుతుందోననా? బావగారికి ఇచ్చిన చేబదులు ఎలా అడగాలనా? గట్టు తగాదాలో ఎదుటివాడు అన్న మాటా? కూతురి కోచింగ్ మార్కులా?

ఒక చిన్న నోటుబుక్కు మంచం పక్కన పెట్టుకోండి. వరసగా మూడు రాత్రులు, పడుకునే ముందు మనసులో తిరుగుతున్నవి ఒక్కో ముక్కలో రాయండి. ఆ మూడు రోజులూ దేన్నీ సరిచేయబోకండి. రాయడమే పని. మూడు రాత్రులూ కనిపించిన మాట ఏదో దాని కింద గీత గీయండి.

ఒక్కో ఫ్యూజే తీయండి

మీటరు అర ఆంపియరు చూపించిందనుకోండి. ఇప్పుడు ఫ్యూజులు ఒక్కొక్కటిగా తీయాలి. ఒకటి తీసి అంకె చూడాలి. తగ్గలేదా? అక్కడే పెట్టేసి రెండోది తీయాలి. ఏది తీసినప్పుడు అంకె ధబాలున పడిపోతుందో ఆ దారిలో దొంగ ఉన్నాడు.

తొందరపడి అయిదారు ఫ్యూజులు ఒకేసారి పీకేస్తే అంకె పడిపోతుంది. కానీ ఏది కారణమో తెలియదు. అన్నీ మళ్ళీ పెట్టగానే కథ మొదటికొస్తుంది. జనవరి ఒకటో తారీఖున పొద్దున్నే లేవడం, చక్కెర మానడం, ఫోన్ తగ్గించడం, యోగా, పుస్తకపఠనం అన్నీ కలిపి మొదలుపెట్టిన మనిషి సంక్రాంతికల్లా ఎందుకు ఆగిపోతాడో ఇక్కడ అర్థమవుతుంది. వారానికి ఒక్కటి మార్చండి. ఈ వారం రాత్రి తొమ్మిది తర్వాత ధరల మెసేజీలు చూడకండి, అంతే. మిగతావి ఎప్పటిలాగే ఉండనివ్వండి. వారం తర్వాత పొద్దున లేచినప్పుడు ఒంట్లో తేడా ఉందా? లేకపోతే అది కారణం కాదు, పాత అలవాటు పాతచోట పెట్టేసి ఇంకోటి చూడండి.

ఫ్యూజు దొరికితే పని అయిపోయినట్టు కాదు. ఒకే ఫ్యూజు మీద లోపలి దీపం, డిక్కీ దీపం, గడియారం, రేడియో ఉండొచ్చు. ఫ్యూజు పీకి పారేస్తే గడియారమూ ఆగిపోతుంది. ఆ దారి పట్టుకుని చివరిదాకా వెళ్ళాలి. పాత కార్లలో ఎక్కువగా దొరికేవి: డిక్కీ మూత దగ్గర అరిగిన స్విచ్చు, తర్వాత బిగించిన స్టీరియో, అలారం, సెంట్రల్ లాకింగ్, అంటుకుపోయిన రిలే. డిక్కీ దీపం మీద అనుమానముంటే ఫోన్‌లో వీడియో ఆన్ చేసి డిక్కీలో పెట్టి మూత వేయండి. తీసి చూస్తే లోపల ఆరిందో లేదో తేలిపోతుంది.

బంధువుల గ్రూపు వల్ల మనసు పాడవుతోందని గ్రూపునే వదిలేసి బంధుత్వాన్నీ పోగొట్టుకోకండి. మిమ్మల్ని బాధపెడుతున్నది గ్రూపంతా కాదు, అందులో ఒకరితో తేలని ఒక్క లెక్క. ఆ మనిషి దగ్గరికి వెళ్ళి, “మామయ్యా, పోయినేడు ఇచ్చిన డబ్బు గురించి ఒకసారి కూర్చుని మాట్లాడుకుందాం” అనండి. ఆ మాట అనడానికి రెండు నిమిషాల ధైర్యం చాలు. దాన్ని దాటేస్తూ గడిపిన రాత్రులు ఎన్నో లెక్కేసి చూడండి.

నింపాల్సిందే లాగేస్తుంటే

అన్ని ఫ్యూజులూ తీసి చూశారు. అంకె కదల్లేదు. అనుభవం లేనివాళ్ళు ఇక్కడే చేతులెత్తేస్తారు. అనుభవమున్న ఎలక్ట్రీషియన్ ఆల్టర్నేటర్ వైపు చూస్తాడు. దాని లావు వైరు చాలా కార్లలో మామూలు ఫ్యూజు పెట్టె గుండా పోదు, బ్యాటరీ వైపు నేరుగా వెళ్తుంది. లోపల డయోడ్లు ఉంటాయి. కరెంటును ఒకవైపే పోనివ్వడం వాటి పని. ఒక డయోడు పాడైతే ఇంజన్ ఆపాక కరెంటు వెనక్కి పారుతుంది. పగలు నింపినదే రాత్రి తాగేస్తుంది. పరీక్ష సులువు: ముందు బ్యాటరీ మైనస్ వైరు విప్పి, ఆల్టర్నేటర్ లావు వైరు తీసి, కొసకు టేపు చుట్టి, మళ్ళీ కొలవాలి. అంకె పడిపోతే దొరికినట్టే.

ఈ వ్యాసంలో మీరు ఒక్క విషయమే గుర్తుపెట్టుకోగలిగితే ఇది గుర్తుపెట్టుకోండి. మిమ్మల్ని నింపుతుందని నమ్మినదాన్ని కూడా అనుమానించండి. అలసట తీర్చుకోవడానికని పట్టుకున్న ఫోన్ నిద్రను ఒంటిగంట దాకా తోసేస్తుంది. మనసు తేలికవుతుందని ఫోన్ చేసే స్నేహితుడు ప్రతిసారీ కొత్త కోపం నేర్పి పెట్టేస్తాడు. ఒళ్ళు నొప్పులకని మొదలైన మందు చుక్క ఇంటి ప్రశాంతతను తాగేస్తుంది. ఇవి ఫ్యూజు పెట్టెలో కనిపించవు, ఎందుకంటే మనం వాటిని నష్టం పద్దులో రాయలేదు, లాభం పద్దులో రాసుకున్నాం. పరీక్ష ఒకటే: ఆ పని చేసిన మర్నాడు పొద్దున మీరు నిండుగా లేచారా, ఖాళీగా లేచారా?

సున్నా కోసం ప్రయత్నించకండి

కంప్యూటరు ఉన్న కారు ఆగి ఉన్నప్పుడు 50 మిల్లీ ఆంపియర్ల లోపు లాగితే సాధారణంగా దాన్ని లోపంగా లెక్కించరు. గడియారం తిరగాలి, రేడియోకు స్టేషన్లు గుర్తుండాలి. కాంటెస్సా లాంటి పాత కార్లలో అంతకన్నా తక్కువే ఉండాలి. మీటరులో సున్నా రావాలని పట్టుబడితే బండిలో ఉండాల్సినవి కూడా తీసేయాల్సి వస్తుంది.

ముసలి తండ్రి రాత్రి దగ్గితే ఒక చెవి అటు ఉండడం, హాస్టల్లో ఉన్న పిల్లవాడు తిన్నాడో లేదోనని ఒకసారి తలుచుకోవడం, వాన రాకుండా కల్లంలో మిర్చి ఎండాలని కోరుకోవడం, ఇవి నష్టాలు కావు. మనుషులతో, నేలతో ముడిపడి బతకడానికి అయ్యే ఖర్చు అది. దాన్ని ప్రేమగా చెల్లించండి. ఏ చింతా లేని మనిషిని కావాలనుకుంటే ఎవరికీ ఏమీ కాని మనిషి అవుతారు. మీరు ఆపాల్సింది ఎవరికీ ఉపయోగపడకుండా వెలిగే దీపాన్ని మాత్రమే.

దొరికాక చేయాల్సినవి

స్విచ్చు మార్చగానే తాళం తిప్పకండి. చాలాకాలం ఖాళీగా ఉన్న బ్యాటరీలో పలకల మీద సల్ఫేటు గట్టిపడుతుంది, అది సామర్థ్యాన్ని తినేస్తుంది. అలాంటి బ్యాటరీని నెమ్మదిగా నింపాలి. 50 ఆంపియర్-అవర్లదానికి 5 ఆంపియర్ల చొప్పున, గాలి తగిలే చోట, నిప్పు దగ్గర లేకుండా, రాత్రంతా పెట్టాలి. పక్క బండి నుంచి వైర్లు తగిలించి స్టార్టు చేయడం ఊరు చేరడానికి పనికొస్తుంది గానీ బ్యాటరీని నిలబెట్టదు.

కారణం తెలిసిన మర్నాడే మీ బలమంతా తిరిగి రావాలని మీరు కూడా ఆశించకండి. ఏళ్ళుగా కారిపోయినది వారంలో నిండదు. ఒక నెల పాటు ఎక్కువ నిద్ర, తక్కువ మాటలు, తేలికైన పని ఇవ్వండి. కాఫీల మీద, పెద్ద పెద్ద ప్రసంగాల మీద లాక్కుపోవడం కూడా పక్క బండి వైర్లతో స్టార్టు చేయడమే. దాంతో ఆ రోజు గడుస్తుంది, మీరు నిండరు.

చివరిది రుజువు. బాగైన కారును నాలుగు రోజులు షెడ్డులో వదిలి మళ్ళీ వోల్టేజి చూడాలి. అంకె నిలబడితేనే లోపం పోయినట్టు. మీరు కూడా మూడు వారాల తర్వాత ఆ నోటుబుక్కు తెరిచి మళ్ళీ మూడు రాత్రులు రాయండి. పాత మాట మళ్ళీ కనిపిస్తే సిగ్గుపడకండి. ఇంకో ఫ్యూజు వెతకాలని అర్థం, అంతే.

సీజన్ ముగిసి యార్డుకు వేసవి సెలవులు ఇచ్చే రోజుల్లో ఈ పని మొదలుపెట్టడం తేలిక. కానీ అందాకా ఆగకండి. ఇన్నాళ్ళూ మీరు చేతకానివాళ్ళమని మిమ్మల్ని మీరే తిట్టుకుని ఉంటే ఆ తిట్టు వెనక్కి తీసుకోండి. మీ బలం ఎటు పోతోందో ఎవరూ కొలిచి చూపించలేదు, అందుకే తెలియలేదు. నోటుబుక్కు, పెన్ను ఈ సాయంత్రమే మంచం పక్కన పెట్టండి. మూడు రాత్రులు రాయండి, ఒక్క మాట కింద గీత గీయండి, ఒక్కదాన్ని మార్చండి. నాలుగో రోజు పొద్దున ఆ మాటకు సంబంధించిన మనిషికి మీరే ముందు ఫోన్ చేయండి.